ఎత్తుకుపోలేని కంప్యూటర్

"లాప్‌టాప్ అయితే నలుగురికీ పనికొస్తుంది కదా వినీ" అన్నాడు ఇనోకే, నేను పెరటి గుమ్మంలో కూర్చుని కొబ్బరి కోరుతుంటే.

నేను తలెత్తలేదు. కోరే పీట మీద కూర్చున్నాక, చిప్పని దాని పళ్ళకి ఆనించి తిప్పుతున్నంతసేపూ తల వంచుకునే ఉండాలి, లేకపోతే వేలు తెగుతుంది. మా ఆయన ముఖ్యమైన మాటలన్నీ నేను ఇలా తల వంచుకుని ఉన్నప్పుడే అంటాడు. కావాలని కాదు పాపం. నేను తలెత్తుకుని ఉండే సమయాలు ఈ ఇంట్లో తక్కువ.

నలుగురికీ పనికిరావడం అన్న మాట, పెళ్ళయి నౌసోరీలో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను నలుగురికీ పనికొచ్చింది. ఓడెక్కి, వీళ్ళ దీవి కోరోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. నా పెద్ద గిన్నె, నా గొడుగు, పాప పుట్టినప్పుడు నేను పనిచేసే స్కూల్లో వాళ్ళిచ్చిన నీలం దుప్పటి, అన్నీ నలుగురికీ పనికొచ్చాయి. ఆ నలుగురిలో నేను ఎన్నోదాన్నో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఈసారి నేను మనసు పడింది లాప్‌టాప్ మీద కాదు. మార్కెట్టు వెనక జరీనా కొట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద. బల్ల కింద పెట్టుకునే నల్లటి ఇనప డబ్బా, దానికో మానిటరు, మైకు, హెడ్‌ఫోన్లు, అరిగిన అక్షరాల కీబోర్డు. సిడ్నీలో ఏదో ఆఫీసువాళ్ళు తీసేస్తే ఓడలో ఇక్కడికొచ్చింది. జరీనా దాన్ని విప్పి, దుమ్ము దులిపి, లోపల కొత్త డిస్కు వేసి అమ్మకానికి పెట్టింది. "శనివారం కొట్టు కట్టేసేలోపు ఏదో ఒకటి చెప్పక్కా. ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారు, అంతకంటే ఆపలేను" అంది. ఆ శనివారం ఇవాళే. డబ్బుకి ఇబ్బంది లేదు, సెలవుల్లో పరీక్ష పేపర్లు టైపు చేసినందుకు వచ్చింది నా దగ్గరే ఉంది. ఇబ్బందల్లా నేను ఇంకా ఏదీ తేల్చుకోలేకపోవడమే.

"రెండూ ఇంచుమించు ఒకే ధర అన్నావుగా. తేలిగ్గా ఉండేది వదిలేసి ఆ ఇనప్పెట్టె ఎందుకు? పైగా పాతది" అన్నాడు ఇనోకే మళ్ళీ.

"పాతబడ్డావని నిన్ను పారేశానా?"

పకపకా నవ్వాడు. నవ్వడం వచ్చిన మనిషి. అందుకే ఇన్నేళ్ళూ ఆయన మీద నా కోపం సగంలోనే చల్లారిపోతూ వచ్చింది. నవ్వే మొగుడితో ఇదే చిక్కు, ఏం పోగొట్టుకున్నామో లెక్క తేలేలోపు మనమూ నవ్వేసి ఉంటాం.

మా వాళ్ళలో కెరెకెరె అని ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళు వచ్చి అడిగితే, ఉన్నదాన్ని లేదనకూడదు. ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు. నేను దాన్ని తిట్టను. తుఫానుకి మా కప్పు ఎగిరిపోయిన ఏడాది మేం బతికింది అడిగి తెచ్చుకున్న రేకుల కిందే, అడిగి తెచ్చుకున్న కర్రపెండలం తినే. ఇవ్వడం తెలిసిన మనుషుల్లో పుట్టినందుకు నాకు గర్వంగానే ఉంటుంది. కానీ పోయే వస్తువు నాది, అడిగేది మా ఆయన్ని. ఇచ్చి మంచివాడనిపించుకునేది కూడా ఆయనే. ఇక మేనల్లుడికి మేనమామ ఇంట్లో ఉండే హక్కు సంగతి చెప్పనక్కర్లేదు. వాడు అడగక్కర్లేదు కూడా, బాగుందంటే చాలు.

పోయినేడు మా ఆడపడుచు కొడుకు తోమాసి రగ్బీ ఆడడానికి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఓ సాయంత్రం బల్ల మీదున్న నా ఫోను తీసి అటూ ఇటూ తిప్పి, "మామయ్యా, మీ ఇంట్లో ఫోను బాగుంది" అన్నాడు. ఇనోకే నవ్వి, "ఇచ్చెయ్ వినీ, కుర్రాడు ముచ్చటపడ్డాడు" అన్నాడు. ఇచ్చేశాను. అందులో దాచుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా అని ఎవరూ అడగలేదు, ఉన్నాయని చెప్పడం నాకూ చేతకాలేదు. తర్వాత ఎప్పుడో ధైర్యం చేసి అడిగితే, "ఏదో గోల ఉందత్తా అందులో, ఆటలకి జాగా సరిపోక తీసేశా" అన్నాడు. మంచి పిల్లాడే, నా సంచీ చేతిలోంచి తీసుకుని మోసేవాడు. వాడు గోల అన్నది నా పాటల్ని.

నాకు పాటలు వస్తాయి. కడతానని అనను, వస్తాయి. కోడి ఇంకా కూయని వేళ, మెలకువకీ నిద్రకీ మధ్య ఒక ఇసుక తిన్నె ఉంటుంది, అక్కడికి వస్తాయి. నేను దాని మీద పడుకుని ఉంటాను. ఎవరో ఆడవాళ్ళు నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి వల సర్దుకుంటూ నన్ను కాకుండా ఇంకెవరినో పిలుస్తున్నట్టు ఒక వరస మొదలవుతుంది. మాటలు తర్వాత తేలుతాయి, ఆటుకి నీళ్ళు తీశాక గవ్వలు కనిపించినట్టు. కదిలితే పోతాయని ఊపిరి కూడా చిన్నగా పీలుస్తాను. పక్కన ఇనోకే గురక పెడుతూంటాడు. ఇంతలో తెల్లారుతుంది. లేచి నిమ్మాకు టీ పెట్టేలోపు సగం పాట పోతుంది, బ్రెడ్డుకి వెన్న రాసేలోపు మిగతా సగం.

మా అమ్మమ్మ గావు దీవిలో పేరున్న పాటగత్తె. ఆమెకి పాట వచ్చే వేళయితే మొగలి చాప మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేది. ఇద్దరాడవాళ్ళు చెరో పక్కా కూర్చుని, ఆమె నోట వచ్చింది వచ్చినట్టు పట్టుకునేవాళ్ళు. లేచాక ఆమెకి గుర్తుండేది కాదు మరి. వాళ్ళు పాడి వినిపిస్తే, "ఓహో, ఇదా వచ్చింది" అని ఆశ్చర్యపోయేది. నేను ఆ చాప అంచున కూర్చుని చూసేదాన్ని. పాట రావడం గొప్ప సంగతని అందరూ అంటారు గానీ, పక్కన ఇద్దరు కూర్చుని ఉండడమే గొప్ప సంగతని నాకు ఈ వయసులో తెలిసింది. ఆ రోజు ఆ ఇద్దరికీ ఇంటి పని ఎవరు చేసిపెట్టారో అడిగి ఉండాల్సింది.

ఫోనులో ఉన్నవి పోయాక ఒకే ఒక్క పాట మిగిలింది, అదీ స్కూల్లో పిల్లలకి నేర్పాను కాబట్టి. నేను ఆఫీసు క్లర్కుని. టైపింగు, గంట కొట్టించడం, జ్వరమొచ్చిన పిల్లల్ని పడుకోబెట్టడం, అతిథులకి టీ, అన్నీ క్లర్కు పనే. వార్షికోత్సవంలో పిల్లలు నా పాట పాడితే హెడ్‌మాస్టరుగారు మైకులో, "ఇది మన పూర్వీకుల నుంచి వచ్చిన పాట" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాల కుర్చీలు సర్దుతూ నేనూ కొట్టాను. బతికుండగానే పూర్వీకురాలినైపోయాను.

కిందటి వారం జరీనా కొట్లోకి వెళ్ళింది నిజానికి స్కూలు ప్రింటరు ఇంకు కోసం. ఆ అమ్మాయి ఈ డబ్బాని పరీక్ష చేస్తోంది. "మైకు పనిచేస్తోందో లేదో చూడాలి, ఏదో ఒకటి పలుకక్కా" అంది. పలకమంటే ఏం పలకాలో తోచక ఒక వరస పాడాను. జరీనా ఏదో నొక్కి, "ఇప్పుడు దాన్ని వింటూ, దాని మీదే ఇంకోటి పాడు" అని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. మా పాటల్లో ఒకరు ఎత్తుకుంటారు, ఒకరు అందుకుంటారు, మిగిలినవాళ్ళు కింది గొంతుతో మోస్తారు. ఒక్కరే పాడితే దాన్ని మా వాళ్ళు పాట అనరు, గొణుగుడంటారు. నా గొంతు నా చెవిలో ఎత్తుకుంది. నేను అందుకున్నాను. పిలిచింది నేను, పలికింది నేను. తిప్పి వినిపిస్తే ఇద్దరాడవాళ్ళు ఉన్నారు అందులో. కీబోర్డుల మధ్య నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఆ అమ్మాయి చూడనట్టు స్క్రూలు ఏరుకుంది.

కింది గొంతు మాత్రం నాకు రాదు. ఎంత దించినా గరగరమంటుంది. ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది, దాంట్లోంచి డబ్బా లోపలి ఫ్యాను హోరు వినిపించింది. "ఆ హోరు పోదక్కా, పాతది కదా" అంది జరీనా, ఉన్నమాట చెప్పేసే పిల్ల. "ఎన్నాళ్ళు పనిచేస్తుందో కూడా ఒట్టేసి చెప్పలేను. లాప్‌టాప్ అయితే చప్పుడుండదు. కావాలంటే ఒళ్ళో పెట్టుకుని పాడుకోవచ్చు." లాప్‌టాప్‌ని ఎత్తి చూశాను, ఉతికి మడతపెట్టిన దుప్పటంత లేదు. తర్వాత డెస్క్‌టాప్ డబ్బాని ఎత్తి చూశాను. నడుము పట్టేసింది. నా మనసు దాని మీద పడింది అప్పుడే. తేలికవన్నీ మా ఇంట్లోంచి కాళ్ళొచ్చినట్టు నడిచిపోయాయి. దీన్ని తీసుకుపోవాలంటే తీగలు ఊడపీకాలి, మానిటరు వేరుగా కట్టాలి, డబ్బాకి ఇంకో మనిషి కావాలి. ఆ లోపు నేను ఒక మాట అనడానికి వ్యవధి ఉంటుంది. ఏ మాట అనాలో తర్వాత చూసుకోవచ్చు.

"వినిపించిందా?" అన్నాడు ఇనోకే. ఇప్పుడు గొంతు తగ్గించి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నీకు ఆ బరువుదే కావాలంటే అదే కొను. కానీ అక్క ఇక్కడే ఉంది. చూసిందంటే తోమాసికి అడుగుతుంది. ముందే స్కూలుదని చెప్పేద్దాం. స్కూలుదంటే ఎవరూ ముట్టుకోరు."

నా మేలు కోరే అన్నాడు. నేనూ సరేనని తలూపాను. ఆదివారం కట్టుకునే నా తెల్ల బట్టలు ఎవరైనా చూస్తే పక్కింటి ఆవిడవి అంటాం. నా మంచి కత్తి చర్చి వంటకాలకి తెచ్చిందంటాం. ఇది అలవాటైన దారే. కొబ్బరి పిండుతూంటే మాత్రం, తెల్లటి పాలు వేళ్ళ సందుల్లోంచి కారుతూంటే, నా వస్తువులన్నీ ఇంకెవరివో అయితేనే నా దగ్గర మిగులుతున్నాయి కదా అనిపించింది. అనిపించి, చేతులు కడుక్కున్నాను.

ఉనైసి వదిన మా ఆయనకి పెద్దక్క, తోమాసి తల్లి. కంటి డాక్టరుకి చూపించుకోవడానికి కోరో నుంచి వచ్చి ముందుగదిలో చాప వేసుకుంది. మా పద్ధతిలో అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ పెద్దయ్యాక నేరుగా మాట్లాడుకోకూడదు, అది గౌరవం. ఏం చెప్పాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాలి. ఇక్కడ ఆ మనిషిని నేను. ఆ పూట టీ దగ్గర కూడా అంతే.

"వినీ, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను" అంది వదిన. ఉప్పు ఆయన మోకాలి దగ్గరే ఉంది, ఆయన చెవులకి ఏ లోటూ లేదు.

"ఇనోకే, ఉప్పు."

"ఉప్పు తగ్గించమని డాక్టరు అన్నాడట కదా, అడుగు వినీ."

"ఉప్పు తగ్గించమన్నారట కదా వదినా."

"కంటి డాక్టరుకి ఉప్పుతో ఏం పనో అడుగు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేస్తున్న ఈ పనికి పేరు లేదు. విన్నది విన్నట్టు అటు చేరేయడం, అక్కణ్నుంచి ఇటు చేరేయడం. నా పెద్ద గిన్నె అడిగినప్పుడూ, నా కుట్టుమిషను అడిగినప్పుడూ వదిన నాతోనే మాట్లాడింది, నన్ను అడగలేదు. "వినీ, కుట్టుమిషను ఇస్తాడేమో మీ ఆయన్ని అడుగు" అంది. నా వస్తువు గురించి నేనే ఆయన్ని అడిగి, ఆయన సరేనన్న సంగతి నేనే ఆమెకి చెప్పాను. నేను వాళ్ళ మధ్య కిటికీని. కిటికీని ఎవరు అడుగుతారు?

బజారుకి బయల్దేరుతుంటే వదిన కూడా చెప్పులు వేసుకుంది. "ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని గోడలు చూడనా? నేనూ వస్తా." బస్సులో ఆయన ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో, నేను మధ్యలో కూర్చున్నాం. రేవా నది వంతెన మీద గాలి లోపలికొచ్చింది. కింద నీళ్ళు గోధుమరంగులో, ఎటు పోతున్నాయో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. వెనక నుంచి వదిన ఏదో కూనిరాగం తీస్తోంది, గొంతు లోపలే. బస్సు మోతలో సరిగ్గా వినపడలేదు. కాసేపు నేను ఎక్కడికి వెళ్తున్నానో మర్చిపోయాను, నది మీదే ఉండిపోతే బాగుండుననిపించింది. నిర్ణయాలన్నీ ఒడ్డు మీదే ఉంటాయి.

జరీనా రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఉంచింది. ఇనోకే లాప్‌టాప్‌ని అరచేతిలో పెట్టుకుని పళ్ళెంలా పైకెత్తి, "చూడు, దీన్ని చర్చికి తీసుకెళ్ళొచ్చు, ఊరికి తీసుకెళ్ళొచ్చు" అన్నాడు. నాకు అది ఊరికి వెళ్ళిపోవడం కనిపించింది. ఓడ మెట్ల మీద, ఎవరి చంకలోనో, ఆటలకి జాగా సరిపోక. డెస్క్‌టాప్ డబ్బా మీద చెయ్యి వేశాను. ఆన్‌లోనే ఉంది, వెచ్చగా ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది. పక్కన కూర్చున్న మనిషి ఊపిరిలా ఉంది ఆ హోరు. మాట్లాడదు, లేచి వెళ్ళదు.

వదిన దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి చూసింది. డాక్టరు వేసిన చుక్కల మందుకి ఇంకా మసకగానే ఉంది ఆమెకి. "చాలా బాగుంది" అంది. ఇనోకే ఉలిక్కిపడి నా వైపు చూశాడు. మా ఇంట్లో బాగుందన్న మాటకి అర్థం మాకు తెలుసు.

"వినీ, ఈ పెట్టె ఎవరికోసమో మీ ఆయన్ని అడుగు" అంది వదిన.

"స్కూలుదని చెప్పు" అన్నాడు ఇనోకే, నేను అడగకముందే.

ఇద్దరూ నాకు చెరో పక్కా, మూరెడు దూరంలో ఉన్నారు. ఆమె విన్నదని ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా ఆ మాట నా నోటి నుంచి వస్తే గానీ మాట కాదు. నా నోరు అలవాటుగా తెరుచుకుంది కూడా. స్కూలు అనే మాట నాలిక మీదికొచ్చింది. అంతలో ఏమైందో, ఆ ఇసుక తిన్నె మీద ఉన్నట్టయింది నాకు, నీళ్ళలో ఆడవాళ్ళు ఎవరినో పిలుస్తున్నట్టు. ఈసారి వాళ్ళు పిలుస్తున్నది నన్నే. ఎన్నో ఏళ్ళుగా ఒక్క మాట కూడా తేడా రాకుండా చేరేసిన దాన్ని, ఆ రోజు తేడా చేశాను.

"నాది వదినా" అన్నాను. "నేను కొనుక్కుంటున్నాను, నా కోసం."

ఇనోకే లాప్‌టాప్‌ని చంటిబిడ్డని దించినట్టు బల్ల మీద దించాడు.

"ఏది అక్కా, ఏది కట్టమంటావు?" అంది జరీనా.

"బరువుది."

టాక్సీలో డబ్బా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. తొడలు తిమ్మిరెక్కాయి. ముందు సీట్లోంచి ఇనోకే వెనక్కి తిరగకుండా, "ఇంత కష్టపడి ఒక ఉపాయం చెబితే పాడుచేశావు. ఇప్పుడు ఆవిడ అడుగుతుంది, ఏం చేస్తావు?" అన్నాడు. వదిన నా పక్కనే ఉంది. అది ఆమెకి చేరేయమన్న మాట కాదు కాబట్టి ఆమె విననట్టే కిటికీలోంచి చూస్తోంది.

"అడగనీ" అన్నాను.

మా అమ్మాయి లౌతోకాలో ఉద్యోగానికి వెళ్ళాక ఖాళీగా ఉన్న చదువుకునే బల్ల మా పడగ్గదిలో ఉంది. దాని కింద డబ్బా పెట్టాను. తీగలు ఎక్కడివక్కడ తగిలించడం స్కూల్లో నేర్చుకున్నదే. ఆ బల్లకీ ముందుగదికీ మధ్య పల్చటి చెక్క గోడ, అవతల వదిన చాప. పని ముగించి లేచేసరికి వదిన గడప లోపలికొచ్చి కింద కూర్చుంది. కాళ్ళు పక్కకి మడుచుకుని, నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ సర్దుకుని, అరచేతులు గుల్ల చేసి మెల్లగా చప్పట్లు కొట్టింది. పెద్ద వస్తువులు అడిగేటప్పుడు, పెద్దవాళ్ళని అడిగేటప్పుడు కొట్టేవి అవి. ఇనోకే తలుపు దగ్గరిదాకా వచ్చి, చూసి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"తరైవినీ" అంది. ఆమె నన్ను పూర్తి పేరుతో పిలవడం అదే మొదలు. "తోమాసి సువాలో కోర్సులో చేరుతున్నాడు. వాడికి కంప్యూటర్ కావాలి. ఇది నీదన్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను."

భయపడతాననుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. ఏదీ కాలేదు. ఒళ్ళంతా ఏదో సంతోషం పాకింది, నవ్వొచ్చేంత సంతోషం. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఒక మనిషి నా ఎదుట కూర్చుని, నా వస్తువుని, నన్ను అడిగింది. అడిగారంటే ఉన్నట్టే కదా. వస్తువూ ఉన్నట్టే, నేనూ ఉన్నట్టే. నేనూ ఆమె ఎదురుగా కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. చేతులు గుల్ల చేసి మర్యాదగా చప్పట్లు కొట్టాను.

"అడిగినందుకు చాలా సంతోషం వదినా" అన్నాను. "ఇవ్వను."

వదిన మసక కళ్ళతో నన్ను చాలాసేపు చూసింది. ఆ మాట ఆమె ఎవరి నోటా విని ఉండదు, నేనూ అని ఎరగను. బయట ఇనోకే అక్కర్లేకుండా కట్టెలు కొడుతున్న చప్పుడు.

"నీ కుట్టుమిషను నా దగ్గరే ఉందనుకుంటున్నావు కదూ?" అంది చివరికి. "ఓడ దిగిన వారానికే మా తోటికోడలు అన్నయ్య అడిగాడు. నన్ను కాదు, మీ అన్నయ్యగారిని. నేను దాని మీద కుట్టింది ఒక దిండు గలీబు. అదీ సగమే."

"నాకు తెలీదు వదినా."

"నన్నెవరు ఏం అడిగారు గనక. నాదంటూ ఒకటి ఉంటే కదా అడగడానికి" అంది. చెయ్యి నేలకి ఆనించి లేచింది. ఆ సాయంత్రం కర్రపెండలం, నేను చేసిన చేమాకు కూర తిని పడుకుంది. ఉప్పు కూడా అడగలేదు. అయిపోయింది అనుకున్నాను. కోరోలో ప్రతి ఇంట్లోనూ నా పేరు పాడైపోతుంది. అనుకుంటూనే నిద్రపోయాను, విచిత్రంగా బాగా పట్టింది.

ఆదివారం, కోడి ఇంకా కూయలేదు. పాట వచ్చింది. ఈసారి దాన్ని కదలనివ్వకుండా మొయ్యక్కర్లేదు కాబట్టి మెల్లగానే లేచాను. ఇనోకే గురక మానకుండా అటు తిరిగాడు. డబ్బా మీట నొక్కితే హోరు మొదలైంది, గదిలోకి సముద్రం వచ్చినట్టు. మైకుకి దగ్గరగా వంగి ఎత్తుకున్నాను. పేరేమిటో తెలియని దీవికి ఈదుకుంటూ వెళ్ళే ఆడవాళ్ళ పాట అది. నడుముకి చేపల బుట్ట కూడా కట్టుకోలేదు వాళ్ళు, ఏమీ మొయ్యడం లేదు. పూర్తయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దాని మీదే అందుకునే గొంతు పాడాను. ఒకసారి తప్పి, మళ్ళీ పాడాను. అక్కడక్కడ కళ్ళు మూసుకుపోతున్నాయి, పాడుతున్నానో కల కంటున్నానో తెలియలేదు. కిటికీ నీలంగా మారుతోంది.

తర్వాత మొత్తం కలిపి విన్నాను. ఒకతె పిలిచింది. ఒకతె పలికింది. వాళ్ళ వెనక ఫ్యాను హోరు. ఆ హోరు కింద ఇంకేదో ఉంది. హెడ్‌ఫోన్లని చెవులకి అదుముకున్నాను. లోతుగా, నిదానంగా, ఎక్కడ ఊపిరి ఆపాలో తెలిసిన గొంతు, పాటని కింద నుంచి పడవని మోసినట్టు మోస్తోంది. అమ్మమ్మ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. చాలాసేపటికి గానీ నా కళ్ళు ఆ చెక్క గోడ వైపు తిరగలేదు. అవతల అంతా నిశ్శబ్దంగా ఉంది.

టీ దగ్గర స్పీకర్లో పెట్టాను. ఇనోకే వేడివేడి పిండిరొట్టె ముక్క టీలో ముంచబోతూ ఆగిపోయాడు. పాట అయ్యేదాకా ఆయన నవ్వలేదు.

"ఇది నువ్వు కట్టావా?" అన్నాడు.

"నేనే కట్టాను."

"పైన రెండూ నీ గొంతులే, తెలుస్తోంది. ఆ కింద పాడింది ఎవరు? చర్చివాళ్ళు ఎప్పుడొచ్చారు?"

నేను నోరు తెరవలేదు. అది నేను చేరేయాల్సిన మాట కాదు. వదిన కప్పు కింద పెట్టింది. తమ్ముడి వైపు చూడలేదు, పద్ధతి ప్రకారం నా వైపే చూసింది. ఆ మసక కళ్ళల్లో నేను ఎప్పుడూ చూడని వెలుగు ఉంది.

"వినీ, మీ ఆయనకి చెప్పు" అంది. "ఆ కింది గొంతు నాది."